ముందు గ్రీజు గన్ను... తర్వాతే పెద్ద టైర్లు

పాత జీపు కొన్న కుర్రాడు మొదటి నెలలో కొనేది గ్రీజు గన్ను కాదు, ఎల్‌ఈడీ లైట్ల పట్టీ. రెండో నెలలో పెద్ద టైర్లు. మూడో నెలలో ఇనప బంపరు, దాని మీద వించ్. నాలుగో నెలకి బండి షెడ్డులో ఉంటుంది. ఆటోనగర్లలో జీపు పని తెలిసిన మేస్త్రీ ఎవరిని కదిపినా ఈ వరసే చెప్పి నవ్వుతాడు. అలా షెడ్డుకొచ్చిన బండ్లే అతనికి సగం తిండి పెడుతున్నాయనుకోండి, అది వేరే సంగతి.

కొత్త ఫోర్‌వీల్ బండి కావాలంటే ఇప్పుడు షోరూముకెళ్తే చాలు. ఏసీ ఉంటుంది, ఎయిర్‌బ్యాగులుంటాయి, కుషన్ సీట్లుంటాయి. అయినా ఒక బాపతు మనుషులు ఆ వైపు చూడరు. వాళ్ళకి కావలసింది మహీంద్రా ఎంఎం 540, లేదంటే హై బానెట్ సీజే 3బీ, అదీ కాకపోతే కార్బ్యురేటర్ కాలం నాటి జిప్సీ. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగులున్నారు వీళ్ళలో. రొయ్యల చెరువుల రైతులున్నారు. డ్యూటీ దిగి తిన్నగా షెడ్డుకొచ్చే డాక్టర్లున్నారు. ఎందుకీ తిప్పలు అంటే 'సరదా' అని ఊరుకుంటారు. నాకు తోచిన జవాబు వేరు. ఈ బండి బానెట్ ఎత్తితే ఇంజిన్ పక్క సందులోంచి కింద నేల కనబడుతుంది. చెయ్యి దూరుతుంది, స్పానర్ తిరుగుతుంది, ఏది దేన్ని తిప్పుతోందో కంటికి తెలుస్తుంది. కంప్యూటర్ తగిలిస్తే గానీ రోగం తెలియని బండ్ల కాలంలో, మనిషికి అర్థమయ్యే యంత్రం ఒకటి ఇంటి ముందు ఉండటం చిన్న విషయం కాదు.

కాకపోతే ఆ అర్థం కావడం మరమ్మతుతో మొదలవుతుంది, మార్పులతో కాదు. చాలామంది చేతులు కాల్చుకునేది ఇక్కడే. షెడ్డుల్లో తరచూ వినబడే మాటలివి:

"బాబాయ్, బండి మూడంగుళాలు లేపుదామా?"

"లేపుదాంలే గానీ అబ్బాయ్, ముందు ఆ కమాన్ బుష్షులు మార్పించు. బండి ఎడమ పక్కకి అంగుళం దిగి ఉంది, చూసుకున్నావా?"

చూసుకోలేదు. చూసుకోని వాళ్ళ కోసమే ఈ కథనం.

యుద్ధం మిగిల్చిన బండి

1940లో అమెరికా సైన్యం 135 కంపెనీలను అడిగింది. బండి తేలికగా ఉండాలి, నాలుగు చక్రాలకూ శక్తి అందాలి, నమూనా 49 రోజుల్లో మా ముందుండాలి అని. ఆ గడువులో చేసి చూపించింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. ఆర్డర్లలో పెద్ద వాటా మాత్రం విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ పోయింది. యుద్ధం ముగిసేసరికి ఆ రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. 2.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్, 60 గుర్రాల శక్తి, మూడు గేర్లు, కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) మీద రెండు ఇరుసులు. అంతే బండి. ఇవాళ మనం కొనే మామూలు చిన్న కార్లలో చాలావాటికి అంతకంటే ఎక్కువ శక్తి ఉంది.

మన దేశంలో దాని కథ ఉక్కు వ్యాపారంతో మొదలైంది. 1945 అక్టోబరు 2న మహీంద్రా అన్నదమ్ములు, మాలిక్ గులాం మహమ్మద్ కలిసి 'మహీంద్రా అండ్ మహమ్మద్' పెట్టారు. దేశ విభజన తర్వాత మహమ్మద్ పాకిస్తాన్ వెళ్ళి అక్కడ మొదటి ఆర్థికమంత్రి, ఆ తర్వాత గవర్నర్ జనరల్ అయ్యాడు. ఇక్కడ కంపెనీ పేరు 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. అప్పటికే, 1947లోనే, బొంబాయిలో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. అమెరికాలో సీజే 3బీ తయారీ 1968లో ఆగిపోయింది. మన దగ్గర మాత్రం దాని సంతానం ఇంకో నాలుగు దశాబ్దాలు ఫ్యాక్టరీలోంచి వస్తూనే ఉంది. ఈ సరదా మనకు అందుబాటులో ఉండటానికి అసలు కారణం ఇదే. అమెరికాలో పురావస్తువు అయిన సామాను మన హైదరాబాద్ రాణిగంజ్ కొట్లో కొత్తది దొరుకుతుంది.

ఇక్కడో చిన్న ముచ్చట. 2018లో మహీంద్రా ఇదే వంశపు బండిని 'రాక్సర్' పేరుతో అమెరికాలోనే అమ్మింది. రోడ్ల మీదకు కాదు, పొలాలకీ అడవి దారులకీ. దాన్ని బిగించిన ఊరు డెట్రాయిట్ దగ్గరి ఆబర్న్ హిల్స్. అప్పట్లో జీప్ బ్రాండు సొంతదారైన కంపెనీ అమెరికా ప్రధాన కార్యాలయమూ ఆ ఊళ్ళోనే ఉంది. మా బండి రూపం కాపీ కొట్టారని వాళ్ళు ఫిర్యాదు చేశారు. చివరికి రాక్సర్ ముఖం మార్చుకోవలసి వచ్చింది.

మన పల్లెల్లోకి జీపు ప్రభుత్వం తరఫున వచ్చింది. 1952 అక్టోబరు 2న సామాజికాభివృద్ధి పథకం మొదలయ్యాక చాలా ఊళ్ళకు బాగా తెలిసిన మోటారు బండి బీడీవో గారి జీపు. ఆ తర్వాత ప్రాజెక్టుల ఇంజనీర్లవి, అటవీ శాఖవి, పోలీసులవి. ఎన్నికలొస్తే మైకు కట్టుకున్నవి. సర్కారు వేలం వేశాక రెండో బతుకు మొదలు. పాడేరు, చింతపల్లి వైపు సర్వీసు జీపులుగా మనుషుల్నీ మూటల్నీ మేకల్నీ మోశాయి. ఇప్పుడు మన సరదారాయుళ్ళ చేతికొస్తున్నది ఒక్కోసారి ఆ బండ్లకు మూడో బతుకు.

జిప్సీది ఇంకో దారి. 1985 చివర్లో మారుతి దాన్ని విడుదల చేసినప్పుడు ఇంజిన్ 970 సీసీ. బండి బరువు టన్నుకు కాస్త తక్కువ. 1996లో 1.3 లీటర్ల 'కింగ్' వచ్చింది, 2000లో కార్బ్యురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ వచ్చి శక్తి 80 గుర్రాలకు చేరింది. సైన్యం వేల సంఖ్యలో వాడింది. బరువు తక్కువ కావడమే దాని బలం. బురదలో దిగబడ్డ జిప్సీని నలుగురు కలిసి బయటికి లాగొచ్చు. జబల్‌పూర్ వాహన కర్మాగారంలో నిస్సాన్ లైసెన్సుతో 1999 దాకా తయారైన జోంగా కూడా ఉంది గానీ, దాని నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజిన్ తాగుడు భరించగలవాళ్ళు మన వైపు తక్కువ.

రెండు కర్రల సంగతి

పాత జీపులో గేరు కర్ర పక్కన ఇంకో రెండు చిన్న కర్రలుంటాయి. వాటి పనేమిటో తెలియకుండా బండి కొన్నవాళ్ళు ఉన్నారంటే నమ్మండి.

గేర్‌బాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు అని ఇంకో పెట్టె ఉంటుంది. మామూలుగా అది శక్తిని వెనక ఇరుసుకే పంపుతుంది. ఒక కర్ర లాగితే ముందు ఇరుసుకీ పంపుతుంది. రెండో కర్ర లాగితే లో గేరు పడుతుంది. వేగం సగానికి పైగా పడిపోతుంది, లాగే బలం అంతకంత పెరుగుతుంది. విల్లీస్ వంశంలో ఒక ఏర్పాటుంది. ముందు చక్రాలు కలిపితే గానీ లో గేరు పడదు. పెరిగిన బలమంతా వెనక ఇరుసు ఒక్కదాని మీదే పడితే యాక్సిల్ షాఫ్టు విరుగుతుందని చేసిన ఏర్పాటు అది. 'ఈ లాకు తీసేద్దాం సార్' అనే మెకానిక్ కనబడితే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి.

తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ వెయ్యకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు, వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. ఈ బండ్లలో ఆ తేడాను సర్దే పరికరం రెండు ఇరుసుల మధ్య లేదు. మట్టిలో అయితే చక్రం కాస్త జారి తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ మెలికంతా గేర్లూ జాయింట్లూ భరించాలి. స్టీరింగు బిగుసుకుపోతుంది, కర్ర వెనక్కి రాదు. అప్పుడు కొంచెం రివర్సు చేస్తే వదులవుతుంది.

ఇంకో భ్రమ కూడా వదిలించుకోవాలి. ఫోర్‌వీల్ అంటే నాలుగు చక్రాలూ ఒకేసారి లాగుతాయని కాదు. ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్ మామూలుది అయితే, పట్టు లేని చక్రం గిర్రున తిరిగి పట్టున్న చక్రం నిలబడిపోతుంది. ముందొకటి, వెనకొకటి గాల్లోకి లేచాయంటే బండి అక్కడే. రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకర్లు అమ్ముతారు, ఖరీదెక్కువ. అవి కొనేముందు, చక్రం గాల్లోకి లేవకుండా దారి ఎంచుకోవడం నేర్చుకుంటే పైసా ఖర్చుండదు.

నెలకో ఆదివారం

సరదా అంతా ఇక్కడే ఉంది. పాత జీపు అడుగున పడుకుని చూస్తే ప్రొపెల్లర్ షాఫ్టుల క్రాసులకు, కమాన్ల షాకిళ్ళకు, స్టీరింగ్ జాయింట్లకు చిన్న చిన్న గ్రీజు నిప్పిళ్ళు కనబడతాయి. వాటన్నిటికీ గ్రీజు గన్నుతో పట్టించాలి, పాత గ్రీజు బయటికొచ్చి కొత్తది కనబడేదాకా. నీళ్ళలో దిగిన బండికైతే ఆ మర్నాడే. ఈ పని మీరే చేసుకోండి. గ్రీజు పెట్టే మిషతో బండి అడుగంతా చూస్తారు. వదులైన బోల్టు, కారుతున్న సీలు, చీలిన బుష్షు అప్పుడే దొరుకుతాయి. మెకానిక్కు చెప్పి చేయించుకుంటే గ్రీజు పడుతుంది గానీ మీకు బండి తెలియదు.

నా లెక్కలో రెండో స్థానం బ్రేకులది. పాత మహీంద్రా జీపులకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. వాగు దాటాక లోపలికి నీళ్ళు పోయి బ్రేకు పట్టదు. గట్టున ఆగి, నెమ్మదిగా నడుపుతూ బ్రేకు పెడల్ మీద తేలిగ్గా కాలు ఆన్చి ఆరబెట్టాలి. దిగువకి పరుగు మొదలయ్యాక గుర్తొస్తే లాభం లేదు. ఇంకా భయపెట్టేది, ఆ పాత బండ్లలో బ్రేకు ఆయిల్ లైను మొత్తం ఒకటే. ఒక చక్రం దగ్గర పైపు పగిలితే నాలుగింటికీ బ్రేకు పోతుంది. ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటిగా లైనులు విడగొట్టే రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టించుకోవడం పాత జీపుకు చేయగల మార్పులన్నిటిలో మొదటిది. ఫొటోలో కనబడదు కాబట్టి ఎవరూ గొప్పగా చెప్పుకోరు.

ఇరుసులకు బ్రీదర్ అని చిన్న గాలి రంధ్రం ఉంటుంది. లోపల వేడెక్కిన గాలి అందులోంచి బయటికి పోతుంది. గంటసేపు నడిపి వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా చల్లటి వాగులో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి ఆ రంధ్రంలోంచే నీళ్ళు పీల్చుకుంటుంది. తర్వాత డ్రెయిన్ బోల్టు విప్పితే గేర్ ఆయిల్ మజ్జిగలా తెల్లగా వస్తుంది. అలాగే నడిపితే బేరింగులు, ఆ వెంటే క్రౌన్ పినియన్ పోతాయి. ఆ రంధ్రానికి ఒక రబ్బరు పైపు తగిలించి, దాన్ని బానెట్ ఎత్తుకి తీసుకెళ్ళి కట్టేస్తే ఈ బాధ తప్పుతుంది. పెద్ద ఖర్చేమీ కాదు. దీన్ని వదిలేసి, ఇంజిన్ గాలి గొట్టాన్ని పైకి ఎత్తే స్నార్కెల్ పెట్టించుకునేవాళ్ళను చూస్తే నాకు చిత్రంగా ఉంటుంది.

స్నార్కెల్‌కీ పనుంది, కాదనను. ఇంజిన్ గాలి పీల్చే చోట నీళ్ళు పీల్చిందంటే, సిలిండర్లో నీళ్ళు గాలిలాగ నొక్కుకోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ముఖ్యంగా డీజిల్ బండ్లకి ఆ ముప్పు. పెట్రోలు బండి చాలావరకు అంతకంటే ముందే, డెల్కోలోకి (డిస్ట్రిబ్యూటర్‌లోకి) తడి వెళ్ళి ఆగిపోతుంది. ఆగిపోవడం అక్కడ అదృష్టమే. నీళ్ళలో ఆగిన బండిని సెల్ఫు కొట్టి లేపకండి. బయటికి లాగి, ప్లగ్గులో నాజిళ్ళో విప్పి, నీళ్ళు లేవని తేల్చుకున్నాకే తిప్పాలి.

సర్వీసు జీపుగా బతికిన బండి కొన్నారా? కమాన్ పట్టీలు లెక్కపెట్టండి. ఎక్కువమందిని ఎక్కించడానికి అదనపు పట్టీలు వేయించి ఉంటారు. ఇద్దరు ముగ్గురు తిరిగే సరదా బండికి అవి శత్రువులు. కట్ట బిగుసుకుపోయి చక్రం గోతిలోకి దిగదు, రాయెక్కినప్పుడు వంగదు. ఆ దెబ్బంతా చాసిస్ మీద పడి కమాన్ బ్రాకెట్ల దగ్గర పగుళ్ళొస్తాయి. అదనపు పట్టీలు తీయించి మిగిలినవాటి మధ్య తుప్పు గీకి గ్రీజు రాయిస్తే బండి నడకలో వచ్చే తేడా చూసి, ఖరీదైన షాక్‌లు కొందామన్న ఆలోచన చాలామంది మానుకుంటారు.

పెట్రోలు బండ్లవాళ్ళకు ఇంకో కొత్త తలనొప్పి ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాతకాలపు రబ్బరు పైపులు, కార్బ్యురేటర్‌లోని డయాఫ్రమ్‌లు దానికోసం తయారైనవి కావు, ఉబ్బుతాయి, పగులుతాయి. పైగా ఇథనాల్ తేమను పీలుస్తుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో అడుగున నీరు చేరి తుప్పు పడుతుంది. పాత సీజేల్లో ట్యాంకు ఉండేది డ్రైవరు సీటు కిందే, మరిచిపోకండి. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు మార్పించి, బండిని వారానికోసారైనా తిప్పడమే మందు.

సామాన్ల కోసం హైదరాబాద్ వాళ్ళు రాణిగంజ్, పూసలబస్తీ తిరుగుతారు. కోస్తా వాళ్ళకి విజయవాడ జవహర్ ఆటోనగర్ ఉండనే ఉంది. అక్కడ ఒక వీధిలో లేతు పనివాళ్ళు, పక్క వీధిలో కమాన్ పనివాళ్ళు, దాని పక్క వీధిలో బాడీ కట్టేవాళ్ళు దొరుకుతారు. మార్కెట్లో దొరకని బుష్షును పాతదాని కొలత చూసి లేతు మీద తిప్పి ఇచ్చే పనివాడు ఈ సరదాకు ప్రాణం. అతని దగ్గర బేరమాడకండి. ఆ చేతిపని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్ళు ఏటేటా తగ్గుతున్నారు.

ఎత్తు ఎక్కడ పెరుగుతుంది

ఇప్పుడు అందరికీ ఇష్టమైన విషయానికొద్దాం. కమాన్ కట్టలు మార్చో, షాకిళ్ళు పొడవు చేసో బండిని మూడంగుళాలు లేపారనుకోండి. నేలకీ బండికీ మధ్య ఎత్తు పెరిగిందా? బాడీ కింద పెరిగింది. ఇరుసు కింద, అంటే నిజంగా రాయి తగిలే డిఫరెన్షియల్ కింద, ఒక్క మిల్లీమీటరు కూడా పెరగలేదు. రెండు చక్రాల మధ్య ఒకే గట్టి ఇరుసున్న బండిలో ఆ ఎత్తు పెంచేది టైరు ఒక్కటే.

లెక్క చూడండి. జిప్సీ టైరు 205/70 ఆర్15. దాని నిలువు ఎత్తు 668 మిల్లీమీటర్లు. సరదాగా ఎక్కించుకునే 235/75 ఆర్15 ఎత్తు 733 మిల్లీమీటర్ల చిల్లర. ఇరుసు లేచేది అందులో సగం, అంటే 33 మిల్లీమీటర్లు. దానికి చెల్లించే ధర ఏమిటంటే, చక్రం చుట్టుకొలత దాదాపు పది శాతం పెరిగింది కాబట్టి స్పీడోమీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి 66లో ఉంటుంది. గేర్లన్నీ పది శాతం బరువెక్కినట్టు అనిపిస్తాయి. బరువైన చక్రాన్ని ఆపడానికి పాత బ్రేకులకు ఇంకాస్త దూరం కావాలి. స్టీరింగ్ జాయింట్లలో ఏ కాస్త లూజున్నా పెద్ద టైరు దాన్ని పెంచి చూపిస్తుంది. 50 దాటగానే ముందు చక్రాలు వణకడం మొదలుపెడతాయి. అందుకే జాయింట్లు, కింగ్ పిన్ బేరింగులు సరిచేయించాకే టైర్లు. ఇదే వరస.

బాడీ లేపితే ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్ల కోణం పెరుగుతుంది, క్రాసులు తొందరగా అరుగుతాయి. బ్రేకు హోసు పైపులు చాలకుండా పోతాయి. బరువు పైకి వెళ్ళడంతో పక్కవాలులో బండి దొర్లే ప్రమాదం పెరుగుతుంది. గుడ్డ టాపు జీపు దొర్లితే లోపలివాళ్ళకి అడ్డం ఏమీ ఉండదు. లేపదలుచుకుంటే రెండంగుళాలతో ఆగడం మేలని నా అభిప్రాయం. మిగిలిన డబ్బుతో మొదట సీటు బెల్టులు పెట్టించండి. పాత జీపుల్లో చాలావాటికి అవి లేనే లేవు. లోపలివాళ్ళను కాపాడే ఇనప చట్రం, అంటే రోల్ కేజ్ పెట్టిస్తే దాని కాళ్ళు చాసిస్‌కు పట్టుకుని ఉండాలి. బాడీ రేకుకు నాలుగు బోల్టులు కొట్టి వదిలేసిన కేజ్ బండి దొర్లినప్పుడు రేకుతో సహా ఊడొస్తుంది.

ఇంజిన్ మార్పిడి గురించి పెద్దగా చెప్పను. పెట్రోలు మంట భరించలేక రైతులు విల్లీస్‌లలో డీజిల్ ఇంజిన్లు పెట్టించుకున్న రోజులున్నాయి. అది అవసరం. ఇప్పుడు పెద్ద ఇంజిన్ పెట్టి, ఆ శక్తికి పాత గేర్‌బాక్సు, పాత ఇరుసు ఒక్కొక్కటే విరుగుతుంటే మారుస్తూ పోవడం మాత్రం డబ్బున్నవాళ్ళ వ్యసనం.

నల్లరేగడి, ఎర్రమట్టి, ఇసుక

బయటి దేశాల వీడియోలు చూసి టైర్లు కొనేవాళ్ళు మన నేలల్ని మరిచిపోతారు. వానలో నల్లరేగడి లాంటిది ఇంకోటి లేదు. టైరు గళ్ళలో నిండిపోయి నాలుగు చుట్లకే టైరును నున్నగా చేసేస్తుంది. ఆల్ టెరైన్ టైరు అక్కడ ఓడిపోతుంది. గళ్ళు దూరంగా ఉండి తిరిగేటప్పుడు మట్టిని విసిరేసే మడ్ టైరు కావాలి. ఆ మడ్ టైరే హైవే మీద మోత మోగిస్తుంది, తడి తారు మీద జారుతుంది. ఏజెన్సీ ఎర్రమట్టి దారుల్లో పైన జారుడు, కింద గట్టి. అక్కడ లో గేరులో రెండోది వేసి, యాక్సిలరేటరు మీద కాలు కదపకుండా పోవడమే విద్య.

గోదావరి, పెన్న ఇసుకలో టైరు గళ్ళతో పని లేదు. గాలి తగ్గించాలి. మామూలుగా 28 ఉంటే 16, 18కి దించితే టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. రోడ్డెక్కగానే మళ్ళీ గాలి కొట్టాలి కాబట్టి వించ్ కంటే ముందు చిన్న కంప్రెసరు కొనుక్కోవడం తెలివి. దిగబడితే చక్రాలు ఇంకా తిప్పకండి, పార తీసి తవ్వండి. పట్టా కట్టి లాగేటప్పుడు చాసిస్ హుక్కుకే కట్టాలి. లాగుతున్నంతసేపూ చుట్టుపక్కల మనిషి ఉండకూడదు. తెగిన పట్టా, ఊడిన షాకిల్ మనిషిని చంపగలవు.

బండి వెళ్ళగలదు కదా అని ఎక్కడికైనా వెళ్ళకూడదు. నల్లమల, పాపికొండల అభయారణ్యాల్లో అనుమతి లేకుండా దూరడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. సముద్రపు ఇసుకలో జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. జీపు చక్రం కింద ఒక గూడు నలిగితే వందకు పైగా గుడ్లు పోతాయి. ఇక దమ్ము చేసిన మడిలో దిగి వీడియో తీసుకునేవాళ్ళకు రైతే సమాధానం చెప్పాలి, చెబుతాడు కూడా.

ఆర్‌సీలో ఉన్నదే బండి

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే సంగతి గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో, అనుమతి లేకుండా చేసిన ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉన్నాయి. ఇంజిన్ మార్చాలన్నా రంగు మార్చాలన్నా రవాణా శాఖ అనుమతి, ఆర్‌సీలో నమోదు తప్పనిసరి. బుల్‌బార్ల మీద 2017 డిసెంబరు నుంచే నిషేధం ఉంది. చెప్పకుండా చేసిన మార్పులు ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీకి మంచి సాకు.

భద్రత పెంచే మార్పునీ ఆడంబరపు మార్పునీ చట్టం ఒకే గాటన కట్టిందన్నది ఈ సరదా ఉన్నవాళ్ళ ఫిర్యాదు. అందులో న్యాయం లేకపోలేదు. కానీ రాత్రిపూట ఎదురుగా వచ్చేవాడి కళ్ళు పోయేలా ఎల్‌ఈడీ పట్టీ వెలిగించుకుని హైవే ఎక్కేవాళ్ళే ఈ చట్టానికి మద్దతు కూడగట్టి పెడుతున్నారు.

వయసు కూడా ఖర్చే. సొంత బండికి 15 ఏళ్ళు నిండాక ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో కార్లకు ఆ రుసుము 600 నుంచి 5,000కు పెరిగింది. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటినవాటికి 10,000 చేశారు. హరిత పన్ను వేరే. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. రుసుము 20,000, గడువు పదేళ్ళు, నంబరులో 'వీఏ' అక్షరాలు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్ళొచ్చు గానీ రోజువారీ తిరక్కూడదు. 1970ల తొలినాళ్ళ జీపు మీ చేతిలో ఉంటే, దాన్ని కోసి, లేపి, వెల్డింగ్ చేసేముందు ఈ సంగతి ఆలోచించండి. అసలు రూపం పోయాక ఆ దారి మూసుకుపోతుంది.

కొనబోయేవాళ్ళకి

మార్కెట్లో 'ఒరిజినల్ విల్లీస్' అని చెప్పే బండ్లలో చాలావాటికి బాడీ ఉత్తరాదిలో ఈమధ్య చేసిన కొత్త రేకు, చాసిస్ మహీంద్రాది, ఇంజిన్ ఇంకెవరిదో. అదేమీ పాపం కాదు, విల్లీస్ ధర అడిగితేనే పాపం. యుద్ధకాలపు జీపు జాలీకి తొమ్మిది గళ్ళుంటాయి, తర్వాతి పౌర జీపులకు ఏడు. అయితే జాలీ మార్చడం పూట పని, దాన్నొక్కదాన్నీ నమ్మకండి. చాసిస్ నంబరు గుడ్డతో తుడిచి, ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. అంకెల చుట్టూ వెల్డింగ్ మచ్చ గానీ గీకిన గుర్తు గానీ ఉంటే బయానా ఇవ్వకండి. ఢిల్లీలో పదేళ్ళ డీజిల్, పదిహేనేళ్ళ పెట్రోలు బండ్ల మీద ఆంక్షలొచ్చాక అక్కడి బండ్లు ఎన్‌ఓసీతో ఇటు వచ్చాయి. ధర తక్కువని మురిసిపోయేముందు మన రాష్ట్రంలో కట్టవలసిన పన్ను ఎంతో కనుక్కోండి.

బండి కింద దూరి కమాన్ బ్రాకెట్లు, చాసిస్ అడ్డపట్టీలు, సీటు కింద రేకు సుత్తితో తట్టి చూడండి. ఇంజిన్ పోతే చేయించుకోవచ్చు, చాసిస్ తుప్పు పట్టి తిన్న బండి మాత్రం ఎంత పెట్టినా నిలవదు. సముద్రం ఒడ్డు ఊళ్ళ బండ్లను మరీ జాగ్రత్తగా చూడాలి.

ఇక కొనబోని వాళ్ళకి ఒక మనవి. తాతగారి జీపు ఒకటి మీ ఊళ్ళో పశువుల కొట్టం పక్కన, మూడక్షరాల పాత నంబరు ప్లేటుతో నిలబడి ఉందా? పాతసామాన్లవాడికి తూకానికి వేసేముందు బీరువాలో దాని ఆర్‌సీ పుస్తకం కోసం ఒకసారి వెతకండి. కాగితాలున్న జీపును ఎవరో ఒకరు బాగుచేసి నడుపుకుంటారు. కాగితాల్లేనిది విడిభాగాలకి తప్ప పనికిరాదు.